కంప్యూటర్లో మద్దిలేటి తవ్విన బాయి

"ఎవరో అంట! రామాంజన్నా, విన్నావా? ఎవరో అంట!"

మద్దిలేటి పేపరుని మడిచి బెంచీ మీద ఫట్టుమని కొట్టినాడు. ముబారక్ టీ అంగట్లో గ్లాసులు గలగలమన్నాయి. ఉరవకొండ బస్టాండు పక్కన పొద్దున పది గంటలప్పుడు ఎండ అప్పటికే మండుతాండాది. ఆషాఢం వచ్చినా వాన లేదు. విత్తనాలు ఇండ్లలో, జనాలు అంగళ్లలో ఉండారు.

మద్దిలేటికి అరవై దగ్గరపడినాయి. ఒకప్పుడు బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూతు నడిపినాడు, ఇప్పుడు అదే గదిలో జిరాక్సు అంగడి పెట్టుకున్నాడు. అంగడి మారినా నోరు మారలేదు. ఆయన పక్కన కూర్చున్న రామాంజనేయులు టెలిఫోన్ ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనాడు. బెంచీ ఆ చివర ముబారక్ వాళ్ల అక్క షీరీన్ ఉండాది. తనకల్లు హైస్కూల్లో లెక్కల టీచరు. తమ్మునింటికి నాలుగు దినాలు వచ్చి, తిరిగి పోయేదానికి అనంతపురం బస్సు కోసం బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుండాది.

"ఏం రాసినాడప్పా అంత కోపం వచ్చేటట్ల?" అన్నాడు రామాంజనేయులు.

"చదువుతా, విను. 'ఇరవై ఎనిమిదేళ్ల కిందట బెంగళూరులో ఒక ఇంట్లోని కంప్యూటర్లో ఊరూరి జనం ఫోన్ల ద్వారా కలిసి రాసిన కథల ఆట మళ్లీ వెలుగులోకి వచ్చింది. అందులో అందరినీ ఆకట్టుకున్న బావి ఘట్టాన్ని ఉరవకొండ నుంచి ఎవరో మొదలుపెట్టినట్టు తెలిసింది.' ఎవరో! ఆ ఎవరో ఎవురు? ఈడ కూర్చోని నీతో టీ తాగుతాండేటోడు! మద్దిలేటి! పేపరోనికి బస్సెక్కి వచ్చి ఊర్లో ఒక మాట అడిగేదానికి ఏం రోగం? బస్టాండులో దిగి, బాయి రాసినాయప్ప యాడుండాడని అడిగితే కుక్క గూడా నా అంగడి చూపిస్తాది."

"ఏం ఆటన్నా అది?" అన్నాడు ముబారక్ పాలు కలియబెడతా.

"అదీ, అట్ల అడుగు. నేను గొప్పలకి పోయేటోణ్ని గాదు, ఉన్నది ఉన్నట్ల చెప్తా. తొంబై ఆరులో శెనక్కాయల మండీ శెట్టి, బెంగళూరు రేట్లు తెల్సుకోవాలని ఒక కంప్యూటరు తెప్పించి, లైను నా బూతులో బాగుంటాదని నా బూతులోనే పెట్టించినాడు. దానికి మోడెం అని ఒక డబ్బా, సబ్బుపెట్టె కంటే రొంత పెద్దది, ఫోను తీగ దాంట్లో గుచ్చితే కీఈఈ... గర్ర్ర్... కుయ్ కుయ్ అని కోడిపిల్లని తొక్కినట్ల అరిచి అవతలి కంప్యూటరుతో మాట్లాడతాది. బిగించిపోయేదానికి వచ్చినాయప్ప ఒక చీటీ మీద ఇంకో నంబరు రాసిచ్చి, రేట్లు చూసి చూసి విసుగొస్తే దీనికి చెయ్యి, బెంగళూరులో శశి అనేటాయన ఇంట్లో బులెటిన్ బోర్డు పెట్టినాడు అన్నాడు."

"బోర్డంటే గోడకి కొడతారే, అదా?"

"అదే అనుకో. బస్టాండులో నోటీసు బోర్డు ఉండాది గదా, వచ్చినోడల్లా చదివి, తనదొక కాయితం అంటించి పోతాడు. అట్లనే ఇది కంప్యూటరు లోపల. ఫోను చేసినోడు లోపలికి పోయి చదవచ్చు, రాయచ్చు. ఒక్క ఫోను లైను కాబట్టి ఒకసారికి ఒక్కడే పోవాల. ఆ బోర్డులో ఒక ఆట. బొమ్మల్లేవు, ఏం లేవు, అంతా రాతే. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది. 'నువ్వు ఏడు వాకిళ్ల కోట ముందర నిలబడినావు, కుడికి పోవాలంటే ఒకటి కొట్టు, ఎడమకి పోవాలంటే రెండు కొట్టు' అంటాది. కొడితే ఇంకో గది, ఆడ మళ్లా రెండు దావలు. అట్ల పోతా పోతా ఉంటే ఎవురూ రాయని చోటు వస్తాది. అప్పుడేమంటాదో తెల్సునా? 'ఇక్కడ ఇంకా ఎవరూ రాయలేదు, ఇక నువ్వు రాయి' అంటాది! మనం రాస్తే అది ఆటలో కలిసిపోతాది, రేపు వచ్చినోడు మనం రాసిందాంట్లో నడుస్తాడు. చెట్టుకి కొమ్మలేసినట్ల తలా ఒక కొమ్మ."

"బో బాగుండాదే," అన్నాడు రామాంజనేయులు.

"బాగుండాది, కాదన్లా. కానీ ఒక ఆదివారం పొద్దున్నే లోపలికి పోయి చూస్తే, నాకి కడుపు మండిపాయ! ఎందుకంటావా? ఆ బెంగళూరోళ్లు కోటలో యాడ చూసినా నీళ్లే రాసినారు. మొదటి వాకిలి దాటితే కొలను, రెండోది దాటితే ఫౌంటెను, మూడోదాంట్లో రాణి పాలల్లో స్నానం చేసి కాళ్లు కడుక్కునేదానికి ఇంకో కాలువ! ఇది న్యాయమా? ఈడ మనం ట్యాంకరు వెనకాల బిందెలెత్తుకుని పరిగెత్తుతా ఉంటే, ఊరికే కూర్చోని టైపు కొట్టే కోటలో కూడా వాళ్లకే నీళ్లా? కొట్టినా రెండు. ఎడమకి పోయినా. ఆడ ఎవురూ రాయలేదు. ఇంగ చూస్కో. నేనొక బాయి రాసినా. నీళ్లు లేని బాయి. మన కుందుర్పి పక్క, మన ఊరి చుట్టూ ఎన్ని ఉండాయో అట్లాంటి బాయి. అంతే. అంతకంటే నేనేం చేయలేదు."

షీరీన్ చేతిలోని గ్లాసు పక్కన పెట్టి మద్దిలేటి వైపు చూసింది. ఆయన చూసుకోలేదు.

"అంతేనా? దీనికి పేపర్లో పేరు వేయాల్నా?" అన్నాడు రామాంజనేయులు.

"అంతేనా అంటావేమన్నా, మొదలే గదా చెప్పింది! ఆ బాయిలోకి మెట్లు రాసినా. మెట్ల కింద సొరంగం రాసినా. సొరంగానికి నాలుగు దావలు, ఒక్కో దావకి నాలుగు గదులు, వారం తిరిగేలోపల మూడు వందల కొమ్మలేసినా. బెంగళూరులో శశి కంప్యూటరు ముందర కూర్చోని, ఎవురప్పా ఈ మహానుభావుడు అని తల పట్టుకున్నాడంట. జనం కోటని వదిలిపెట్టేసినారు! రాణి ఒంటిది అయిపాయ. అందురూ బాయిలోనే. ఒక్కటే లైను గదా, నా బాయిలోకి పోవాలని బెంగళూరులో ఫోన్లు పట్టుకుని కూర్చున్నోళ్లు ఎంతమందనుకుంటివి? నలభై వేలు!"

"బెంగళూరులో అప్పుడు కంప్యూటర్లు అన్ని ఉండెనా అన్నా?" అన్నాడు ముబారక్.

"లేనోళ్లు బాడుగకి తెచ్చుకున్నారప్పా! నువ్వు పాలు చూసుకో, పొంగుతాండాయి. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? జూన్ నెలలో వాన రాకుండా ఉత్త పిడుగు పడింది. చుక్క రాలదు గానీ పిడుగు మాత్రం సరిగ్గా నా మోడెం మీద పడింది. మాడి బొగ్గయింది."

రామాంజనేయులు తలాడించినాడు. "అది నిజమే. ఆ పొద్దు మూడు స్తంభాల మీద తీగలు కాలినాయి. నేనే ఎక్కి కట్టినా."

"చూసినావా, సాక్షి ఈడనే ఉండాడు! మోడెం లేదు. ఆడ నలభై వేలమంది నా కొమ్మ కోసం కాచుకుని ఉండారు. ఏం చేయాల? ఫోను ఎత్తి నంబరు తిప్పినా. అవతల శశి కంప్యూటరు కీఈఈ అన్నింది. ఇన్ని నెలలు విన్నోణ్ని గదా, ఆ భాష నాకి పట్టుబడింది. నేను గూడా నోటితోనే కీఈఈ అన్నా. అది గర్ర్ర్ అన్నింది. నేను గర్ర్ర్, కుయ్ కుయ్ అన్నా. కలిసిపాయ, లైను! కంప్యూటరు నన్ను కంప్యూటరే అనుకుంది!"

టీ తాగుతాండే రామాంజనేయులికి పొలమారింది.

"నగొద్దన్నా, నా దవడలు ఎంత నొచ్చినాయో నాకి తెల్సు! ఒక పేజీ రాయాలంటే ముప్పావుగంట ఈల వేయాల. రొంత శృతి తప్పితే తెలుగు పోయి కన్నడం పడతాది. ఒకసారి దగ్గు వచ్చింది, ఆ దగ్గు బాయిలో ఒక దయ్యమై కూర్చునింది, నాలుగు నెలలు ఎవురూ దాన్ని దాటలేకపాయిరి. అది ఈలలో ఏం చెప్తాదో నేను విని బయట జనానికి తెలుగులో చెప్పేటోణ్ని. కుందుర్పి నించి ఎద్దులబండ్లు కట్టుకుని వచ్చినారు వినేదానికి. బూతు ముందర షామియానా వేసినారు. నేను రిసీవరు చెవిలో పెట్టుకుని, ఇప్పుడు మనం మూడో మెట్టు మీదుండాం, కుడికా ఎడమకా అని అడిగితే మూడు వేలమంది ఒకటే గొంతుతో ఎడమకీ అని అరిచేటోళ్లు!"

"నేను రోజూ ఆ దావనే పోయేటోణ్ని," అన్నాడు రామాంజనేయులు. "షామియానా యాడ కట్టినారు?"

"నువ్వు స్తంభం ఎక్కి పైన ఉంటివి గదా, కిందికి చూస్తివా? ఆ తర్వాత ఏమైందో తెల్సునా? కొమ్మలు పదకొండు వేలయినాయి. అంత కథ ఒక్క పెట్టెలో పడతాదా? శశి కంప్యూటరు బరువెక్కిపాయ. మొదట బల్ల కాళ్లు విరిగినాయి. కింద బండలు పగిలినాయి. మేడ మీద పెట్టినది మెల్లగా కిందింటి వాళ్ల పూజగదిలోకి దిగిపాయ, ఆ యమ్మ హారతి ఇస్తా ఉంటే దేవుని పటాల పక్కన కంప్యూటరు! క్రేన్ తెప్పించి ఎత్తినారు. నాకి ఫోను చేసి, స్వామీ రొంత చిన్న చిన్న మాటలు వాడు, బరువు తగ్గుతాది అన్నాడు శశి. ఎంత పొగరు చూడు! నా మాటలు నేను కొలిచి రాయాల్నా?"

ముబారక్ పొయ్యి దగ్గర నించి ఇవతలికే వచ్చేసినాడు. బస్సు దిగినోళ్లు ఇద్దరు ముగ్గురు నిలబడి వింటాండారు. వినేవాళ్లు పెరిగే కొద్దీ మద్దిలేటి గొంతు పెరిగింది.

"ఇంతకంటే పెద్దది చెప్తా. అనిల్ కుమార్ అని బెంగళూరులో ఒక ఇంజనీరు. నా బాయిలోకి దిగినాడు, తిరిగి రాలేదు. అంటే కుర్చీలోనే ఉండాడు మనిషి, చెయ్యి మీటల మీద ఉండాది, కండ్లు తెర మీద ఉండాయి. పిలిస్తే పలకడు. పదకొండు దినాలు! భార్య అన్నం ముద్దలు నోట్లో పెడితే మింగుతాడు, ఎడమకి పోతాడు. ఆ యమ్మ ఏడుస్తా నాకి ఫోను చేసింది. అన్నా, మా ఆయన మీ బాయిలో ఉండాడు, బయటికి దావ లేదంటాండాడు, మీ కాళ్లు మొక్కుతా అన్నింది. నేను రాయిలాంటోణ్నా? అప్పటికప్పుడు ఆ సొరంగం చివర ఒక బస్టాండు రాసినా. బస్సు రాసినా. డ్రైవరు రాసినా. 'బస్సెక్కాలంటే ఒకటి కొట్టు.' కొట్టినాడు. మల్ల రెండు గంటలకి, ఇదో, ఈడ, మన ఉరవకొండ బస్టాండులో దిగినాడు! తల నిండా ఇసుక! వచ్చి నా కాళ్ల మీద పడి, అన్నా బెంగళూరు బస్సు ఎన్నింటికి అన్నాడు."

"టికెట్టు తీసుకున్నాడా అన్నా?" అన్నాడు నిలబడినోళ్లలో ఒకడు.

"నేను రాసిన బస్సు, నా ఇష్టం, టికెట్టు పెట్టలా! నగుతారు, నగండి. రష్యా వాళ్లు నగలేదు. సముద్రం అడుగున తిరిగే పడవ ఉండాది చూడు, దాని కెప్టెను నా బాయిలోకి వచ్చినాడు. ఇరవై ఏండ్లుగా నీళ్ల కిందనే బతికినోడు, నాలుగు పక్కలా నీళ్లు చూసి చూసి విసిగినోడు, మొదటిసారి నీళ్లనేవే లేని చోటు చూసి ఏడ్చినాడంట! ఇదే స్వర్గం, నేను ఈడ్నే ఉంటా అన్నాడు. పడవ నడిపేటోడు లేక మూడు దినాలు సముద్రంలో తిరుగుళ్లు తిరిగింది. యుద్ధం వచ్చేదే! నేను ఈల వేసి, నాయనా పోయి నీ పని చూసుకో అని బుద్ధి చెప్పి పంపించినా."

"ఏ భాషలో చెప్పినావు?" అన్నాడు రామాంజనేయులు.

"ఈలకి భాషేందన్నా! సరే, ఇవన్నీ వదిలిపెట్టు. నేను చేసిన అసలు పని విను, విన్నాక చెప్పు నాకి కోపం రావాల్నా వద్దా." మద్దిలేటి లేచి నిలబడినాడు. "ఆ యేడు మన దగ్గర విత్తింది విత్తినట్లే ఎండిపాయ. మా నాయన చేను గట్టు మీద కూర్చోని లేసేటోడు గాదు. శెనక్కాయ చెట్లు చేత్తో నలిపితే పొడి అయ్యేవి. అప్పుడు నాకి మతికి వచ్చింది. కోట నాది, బాయి నాది, నీళ్లు మాత్రం ఎవుడో ఇచ్చేదేంది? ఫోను ఎత్తినా. ఈల వేసినా. 'బావిలో బోరు వేయాలంటే ఒకటి కొట్టు.' నేనే కొట్టినా. వెయ్యి అడుగులు. రాయి. ఇంకో వెయ్యి. రాయి. నాలుగు వేల అడుగులకి నీళ్లు తగిలినాయప్పా! తియ్యటి నీళ్లు. బెంగళూరులో శశి కంప్యూటరు మీటల సందుల్లో నించి చిమ్మినాయి. ఇంట్లో మోకాలు లోతు. వాళ్లు అందురూ బల్లలెక్కి, చాలు ఆపు మద్దిలేటీ అని మొత్తుకుంటాండారు. నేను ఆపలా! కాలువ రాసినా. ఆ కాలువని ఎడమకి తిప్పినా, ఫోను తీగలోకి! బెంగళూరు నించి తీగల్లోనే వచ్చినాయి నీళ్లు, హిందూపురం మీదుగా, పెనుకొండ మీదుగా, స్తంభం స్తంభం దగ్గరా కారుకుంటా వచ్చి, మన బయలు మీద పడినాయి. ఆ యేడు ఈ పక్క పండిన ప్రతి శెనక్కాయా టెలిఫోను నీళ్లతో పండింది! రామాంజన్నా, నువ్వు చెప్పు, నువ్వు లైన్‌మన్‌వి. ఆ దినాల్లో తీగల్లో నించి నీళ్లు కారలా?"

రామాంజనేయులు ఖాళీ గ్లాసు కింద పెట్టినాడు. "ఆ తీగలు ముప్పై ఏండ్లు నా చేతుల్లో ఉన్నాయప్పా. మాటలు కారినాయి. ఏడుపులు కారినాయి. నీళ్లు మాత్రం కారలా."

అందరూ నగినారు. మద్దిలేటి ముఖం ఎర్రబడింది.

"నమ్మొద్దులే! మీకే ఇట్ల ఉంటే పేపరోడు ఎవరో అని రాసేదాంట్లో తప్పేముండాది! ఊరికి నీళ్లు తెచ్చినోణ్ని, మనుషుల్ని కాపాడినోణ్ని, యుద్ధం ఆపినోణ్ని..."

"మద్దిలేటన్నా."

షీరీన్ గొంతు. పెద్దగా అనలేదు, క్లాసులో పిలిచినట్ల పిలిచింది. అందరూ అటు తిరిగినారు.

"ఆ దినం ఆదివారం పొద్దున్నే, ఎడమకి పోయి నువ్వు ఏం రాసినావో, మాట మాటా చెప్తావా?"

"చెప్పినా గదమ్మా. బాయి రాసినా, మెట్లు రాసినా..."

"అట్ల గాదన్నా. తెర మీద ఏం కొట్టినావో అది."

మద్దిలేటి ఆ యమ్మ వైపు తిరిగి చూసినాడు. ఆ యమ్మ ముఖంలో ఎగతాళి లేదు. ఏదో పోయిన వస్తువు దొరికినట్ల చూస్తాండాది. ఆయన మెల్లగా కూర్చున్నాడు. టవలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఎడమ పక్క బాయి ఉండాది," అన్నాడు. "నీళ్లు లేవు."

"పడి సచ్చినావు," అన్నింది షీరీన్.

"ఆట అయిపాయ," అన్నాడు మద్దిలేటి, గొంతు తగ్గించి.

ముబారక్ అక్క ముఖం, మద్దిలేటి ముఖం మార్చి మార్చి చూసినాడు.

"అక్కా, నీకెట్ల తెల్సు?" అన్నాడు ముబారక్.

"తొంబై ఆరులో నేను బెంగళూరులో పెద్దమ్మ వాళ్లింట్లో ఉండి చదువుతాంటి గదరా. పక్కిల్లు శశి అన్న వాళ్లది. ఆ అన్న చెల్లెలూ నేనూ కలిసి ఆ కంప్యూటరు దగ్గరనే కూర్చునేటోళ్లం. మాకి ఫోనుతో పనిలేదు. ఎవురే కొమ్మ రాసినారు, ఎవురేం ఫిర్యాదు చేసినారు అని ఒక నోటుబుక్కులో ఎక్కించే పని నాది." ఆమె మద్దిలేటి వైపు తిరిగింది. "ఆ ఆటలో ఒక రూలు ఉండె అన్నా. కొమ్మ రాసినోడు చివర రెండు దావలైనా పెట్టాల. నువ్వు ఒక్కటి గూడా పెట్టలా. ఎడమకి తిరిగిన ప్రతి ఒక్కరూ చచ్చిపాయిరి. ఉరవకొండ నించి ఆ నంబరుకి ఫోను వచ్చింది ఒక్కసారే. ఆ ఆదివారం పదహారు నిమిషాలు. మల్ల రాలేదు."

"పిడుగు పడె గదమ్మా," అన్నాడు మద్దిలేటి. ఈసారి ఆ మాట చిన్నగా వచ్చింది. "మోడెం పాయ. శెట్టి కంప్యూటరు తీసుకుపాయ. నేను మల్ల చూడనే లేదు. ఎవురన్నా దిగినారో లేదో గూడా తెలీదు నాకి."

"ఆ కొమ్మని కొట్టేయమని అందరూ రాసినారు. శశి అన్న కొట్టేస్తాననే అన్నాడు. నేను వద్దంటి."

"నువ్వా? ఎందుకమ్మా?"

షీరీన్ చేతిలోని బస్సు చిల్లర బ్యాగులో వేసుకునింది. "ఆడ కాలేజీలో నేను నోరు తెరిస్తే నగేటోళ్లు. యాడ అంటే నగేది, ఈడ అంటే నగేది. ఎనిమిది నెలల్లో నేను మాట్లాడేదే మానుకున్నా. ఒక పొద్దు ఆ తెర మీద 'ఉండాది' అని కనపడింది. ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ తప్పుగా కొట్టి. మా నాయన పిలిచినట్ల అయింది. శశి అన్న చూస్తాండంగానే ఏడ్చినా. దాన్ని ఎట్ల కొట్టేయనిస్తా? నీ నాలుగు మాటల కిందనే రాసినా. 'సావలేదు. నీళ్లు లేవు గదా, అడుగున ఇసుక ఉండాది. లేచి దులుపుకో' అని. ఒకటి కొడితే తూర్పుకి, రెండు కొడితే పడమరకి దావ పెట్టినా. ఆడినించి ఎవురెవురో రాసినారు. మెట్లు ఎవురో, సొరంగం ఎవురో. మొత్తం మూడు వందల పన్నెండు కొమ్మలు. నీవి నాలుగు మాటలన్నా. కానీ బాయి నీదే. పేపరాయనకి ఉరవకొండ అని చెప్పింది నేనే."

"మరి పేరు చెప్పొచ్చు గదమ్మా!" మద్దిలేటికి కోపం మళ్లా లేచింది. "ఇంత తెల్సినదానివి, నా పేరొక్కటి చెప్పేదానికి ఏమొచ్చె?"

"నీ పేరు యాడుండాదన్నా? నీ పేరు కొట్టి ఎంటర్ నొక్కు అని అడిగింది కంప్యూటరు. నువ్వు 'ఎంటర్' అని కొట్టినావు."

రామాంజనేయులు ముందరికి వంగి కండ్లు తుడుచుకున్నాడు. ముబారక్ గోడకి ఆనుకుని నగతాండాడు. నిలబడినోళ్లలో ఒకాయన కూర్చునేసినాడు.

"రాసినాయన పేరు ఎంటర్, ఊరు ఉరవకొండ. మా నోటుబుక్కులో అట్లనే ఉండాది. ఇరవై ఎనిమిదేండ్లుగా ఆ ఎంటర్ ఎవురా అని అనుకుంటాండా."

"జనం ఏమన్నారు నన్ను?" అన్నాడు మద్దిలేటి. నగు ముఖాలని ఆయన చూడటం లేదు. నిజంగా తెల్సుకోవాలని అడిగినాడు.

"తిట్టినారన్నా. నేను దావ పెట్టే లోపల నూట పద్నాలుగు మంది చచ్చినారు. తెలుగులో, కన్నడంలో, తమిళంలో తిట్టినారు. ఒకాయన సంస్కృతంలో గూడా తిట్టినాడు. అన్నీ రాసిపెట్టినా. ఒక్కటి గూడా నీకి తగల్లా. అన్నీ ఎంటర్‌కే పాయె."

మద్దిలేటి తటాలున లేచినాడు. "ఇదెక్కడి అన్యాయం! నూట పద్నాలుగు మంది తిట్లు! నేను సంపాదించిన తిట్లు! ఊరూ పేరూ లేని ఎంటర్‌కి పోవాల్నా? మార్పించమ్మా! ఈ పొద్దే ఆ శశికి చెప్పు. పేరు మద్దిలేటి అని రాసుకోమను. తండ్రి పేరు గూడా రాసుకోమను!"

అనంతపురం బస్సు స్టాండులోకి వచ్చి నిలబడింది. షీరీన్ బ్యాగు భుజానికి తగిలించుకునింది.

"మార్పిస్తానన్నా. కానీ పేరు వేసుకున్నాక ఆ నూట పద్నాలుగు మందికి నువ్వే సమాధానం చెప్పాల. వరస ప్రకారం అందరి పేర్లూ ఉండాయి నా దగ్గర. నేను పన్నెండో దాన్ని."

మద్దిలేటి ఒక అడుగు ముందరికి వేసినాడు. ఆ యమ్మని కింది నించి పై దాకా చూసినాడు, ఆ నోటుబుక్కు రాసిన పద్దెనిమిదేండ్ల పిల్ల ఎట్ల ఉండెనో ఇప్పుడు చూడాలనుకున్నట్ల. భుజం మీది టవలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"సూసుకోలేదమ్మా," అన్నాడు. "తప్పైపాయ."

"సరేలే అన్నా." షీరీన్ బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. "పదమూడో ఆయన రాయచూరులో ఉండాడు. నంబరు ముబారక్‌కి పంపిస్తా."